బెత్సాయిదా పేర్లు పెట్టిన దారులు

మొంపోస్‌లో పరుగెత్తేవాళ్లు తెల్లవారకముందే లేవాలి. పొద్దెక్కితే మగ్దలేనా నది మీద గాలి కూడా ఎక్కడో నీడ చూసుకుని కూలబడుతుంది. నూరిస్ సెర్పా, ఆమె వదిన బెత్సాయిదా ఏళ్ల తరబడి ఆ చల్లని వేళే పరుగెత్తారు. నూరిస్ బడిలో ఆటల టీచరు. ఆమెకు పరుగంటే ఊపిరి, క్రమం, గడియారం. బట్టలు కుట్టే బెత్సాయిదాకి మాత్రం పరుగంటే కబుర్లు. దారులకు పేర్లు పెట్టింది కూడా ఆవిడే. నది వెంట, గంటలు మోగే సాంతా బార్బరా చర్చి దాకా వెళ్లేది గంట దారి. చీజు చేసేవాళ్ల ఇంటి ముందు నుంచి నడివీధిలో తిరిగొచ్చేది పాలవాసన దారి. ఊరవతల కట్ట మీద, పశువుల బీళ్ల పక్కన సాగేది అత్తగారి దారి. ఎంతకీ తెమలదు కనక. ఆ అత్తగారు స్వయానా తన తల్లే అయినా నూరిస్ పగలబడి నవ్వేది. కొన్నాళ్లకు ఊళ్లో సగంమంది ఆ పేర్లే వాడటం మొదలుపెట్టారు.

ఇలా ఉండగా ఎవరిస్తో లాబార్సెస్ అనే ఆయన తీరప్రాంతం నుంచి వచ్చి, ఏటి ఒడ్డున ఒక పాత వర్తకుడి మేడను కొని హోటల్ చేశాడు. ముందు వీధిలో నాలుగు కుర్చీలు వేయించాడు. ఎవరూ ఏమీ అనలేదు. కుర్చీల తర్వాత బల్లలొచ్చాయి, బల్లల తర్వాత పూలకుండీలొచ్చాయి, చివరికి కుండీల మధ్య, నది వెంట వెళ్లే దారికి అడ్డంగా ఒక గొలుసు పడింది. గొలుసు దగ్గర కాపలాకి ఎర్నెల్‌ని పెట్టారు. అతను నూరిస్ వాళ్ల వీధివాడే. మొదటిసారి వాళ్లిద్దరినీ ఆపినప్పుడు మొహం ఎత్తలేకపోయాడు. అడుగుల చప్పుడుకు అతిథులకు నిద్రాభంగం అవుతోందట, తనదేం లేదు, పిల్లలు గలవాణ్ణి, కోపం పెట్టుకోవద్దని బతిమాలుకున్నాడు. మునిసిపాలిటీకి వెళ్లి అడిగితే చూస్తామన్నారు. అప్పటినుంచీ చూస్తూనే ఉన్నారు.

గంట దారి పోయాక, దాని వంతు వచ్చిన రోజుల్లో వదినా మరదళ్లు ఊరి బయట పెద్దరోడ్డెక్కారు. వానలు మొదలైన రోజుల్లో ఒక వేకువన దీపం లేని మోటారుసైకిల్ ఒకటి వెనకనుంచి వచ్చి బెత్సాయిదాను పడగొట్టి, ఆగకుండా పోయింది. ఎముక అతికింది గానీ మోకాలు మళ్లీ వంగలేదు. చేతికర్ర లేకుండా గడప దాటడం కష్టమైంది. గుద్దినవాడెవడో తెలియలేదు. తెలియనివాడి మీద ఎన్నాళ్లని మండిపడతారు? నూరిస్ కోపం నెమ్మదిగా ఆ గొలుసు వైపు తిరిగింది.

మరుసటి ఎండాకాలం బడికి వెళుతూ నూరిస్ హోటల్ గోడ మీద కొత్తగా అతికించిన పింగాణీ పలక చూసింది. "వారసత్వ పరుగు దారులు. మా అతిథులకు మాత్రమే" అని పైన రాసుంది. కింద అందమైన నీలం అక్షరాల్లో గంట దారి, పాలవాసన దారి, అత్తగారి దారి.

ఆ రోజు బడిలో పిల్లలకి ఏం ఆడించిందో ఆమెకే తెలియదు.

అది చాలదన్నట్టు ఆ వారంలోనే ఎవరిస్తో ఆమెకు కబురుపెట్టాడు. చల్లటి చింతపండు రసం ఇప్పించి ఎంతో మర్యాదగా మాట్లాడాడు. అతిథుల్ని పొద్దున్నే పరుగుకు తీసుకెళ్లడానికి మనిషి కావాలట, ఊళ్లో ఎవరినడిగినా ఆమె పేరే చెప్పారట. బెత్సాయిదా ఎవరో ఆయనకు తెలియదు. ఆ గ్లాసు ఆయన నెత్తిన కుమ్మరించాలనిపించింది నూరిస్‌కి. కానీ ఆమె నోటినుంచి వచ్చిన మాట వేరు. సరేనంది. ఇంటికి వెళ్లాక వదినతో ఈ సంగతి అనలేదు.

మర్నాడు మసక చీకట్లో అరడజను మంది అతిథులు హోటల్ ముందు కాళ్లు సాగదీసుకుంటూ నిలబడ్డారు. ఎర్నెల్ వాళ్లకి గొలుసు తీసి పట్టుకున్నాడు. నూరిస్ ఆ వైపు తిరగనే లేదు. నదికి వీపు పెట్టి, సందుల్లోంచి వాళ్లను నేరుగా పెద్దరోడ్డు మీదికి తీసుకుపోయింది. మమ్మల్ని తోసిన చోటుకి మీరూ రండి, ఆ గాలి మీకూ తగలనీండి అని లోపల ఒకటే మంట. వెనక ఎవరో ఇది గంట దారేనా అని అడిగారు. అవునంది.

పశువుల లారీలు మొహాన దుమ్ము కొట్టి పోతున్నాయి. మలుపు దగ్గర ఒక బస్సు హారన్ మోగిస్తూ అంచుదాకా ఒరిగి వచ్చింది. బొగోతా నుంచి వచ్చిన ఇసోల్దా అనే పెద్దావిడ బెదిరిపోయి పక్కకి దూకి కాలవలో పడింది. నూరిస్ వెనక్కి పరుగెత్తింది. పెద్దావిడకి చీలమండ బెణికింది, అరచేతులు చెక్కుకుపోయాయి, అంతే. నూరిస్ ఆవిడను లేవదీసి గట్టు మీద కూర్చోబెట్టింది. బెత్సాయిదా పడింది అక్కడికి కూతవేటు దూరంలోనే.

"ఇది నది దారి కాదు కదమ్మా. ఎందుకు తీసుకొచ్చావ్ మమ్మల్ని?" అని ఇసోల్దా అడిగింది.

నూరిస్ ఉన్నదున్నట్టు చెప్పేసింది. గొలుసు, మోటారుసైకిల్, వదిన మోకాలు, గోడమీది పేర్లు, అన్నీ. ఇసోల్దా అరచేతుల మట్టి తుడుచుకుంటూ వింది.

"ఇదంతా హోటల్ దగ్గరే చెప్పుంటే నేనే వెళ్లి ఆ గొలుసు లాగేసేదాన్ని. నువ్వు ఆయన మీద కసి నా మీద తీర్చుకున్నావు. నా వయసెంతో చూశావా?"

నూరిస్ లేచి రోడ్డు మీదికి వెళ్లింది. దారిన పోయే ఆటో ఆపి ఆవిణ్ణి ఎక్కించి, తను పక్కనే కూర్చుంది. మిగతా అతిథులు నడుచుకుంటూ వెనక్కి మళ్లారు.

ఇలాంటి కబురు మొంపోస్‌లో మనుషులకన్నా ముందు ఇల్లు చేరుతుంది. నూరిస్ వెళ్లేసరికి బెత్సాయిదా వాకిట్లో ఊగుడు కుర్చీలో కూర్చుని ఉంది. కుర్చీ ఊగడం లేదు.

"చెప్పు, ఎవర్నడిగి చేశావ్ ఈ పని?"

"నీకోసమే వదినా..."

"నాకోసమా? నా కాలు విరిగిన చోట ఇంకో ఆడదాని కాలు విరిగితే నా మోకాలు వంగుతుందా? ఆ గొలుసు కట్టించినవాడికీ నీకూ తేడా ఏంటి? ఆయనా అడగలేదు, నువ్వూ అడగలేదు. నా పేర్లు ఆయన ఎత్తుకుపోయాడు, నా కుంటికాలు నువ్వెత్తుకుపోయావ్."

నూరిస్ గడప మీద కూలబడి ఏడ్చింది. బెత్సాయిదా ఓదార్చలేదు. నాకు నీకన్నా ఎక్కువ మండుతోందే, మండటం లేదనుకున్నావా అంది. ఆదివారం పూజ అయ్యాక, జనమంతా చూస్తుండగా, తనను ఆ గొలుసు దగ్గరికి తీసుకెళ్లమంది.

ఆ ఆదివారం చర్చిలోంచి జనం బయటికొచ్చే వేళకి ఇద్దరూ ఏటి వీధిలో నడిచారు. బెత్సాయిదా నడకతో ఆ కాస్త దూరమే పెద్ద ప్రయాణమైంది. ఏదో జరగబోతోందని తెలిసి కొందరు వెనకే వచ్చారు. గొలుసు దగ్గర ఎర్నెల్ లేచి నిలబడ్డాడు.

"నాకు పోవాల్సిన పని ఉంది, తీస్తావా, నూరిస్‌ని తియ్యమంటావా?" అని బెత్సాయిదా అడిగింది.

ఎర్నెల్ హోటల్ కిటికీ వైపు చూశాడు, ఆమె మోకాలి వైపు చూశాడు. తర్వాత జేబులు తడుముకుంటూ, సిగరెట్లు కొనుక్కొస్తానని వెళ్లిపోయాడు. నూరిస్ కొక్కెం విప్పి, గొలుసు రెండో కొస కూడా ఊడదీసి, బరువంతా చేతిలోకి తీసుకుని నదిలోకి విసిరింది. జనంలో ఎవరో ఈల వేశారు. బెత్సాయిదా బల్లల మధ్యనుంచి కర్ర టకటకలాడించుకుంటూ నడిచింది. పళ్లేల ముందున్న అతిథులు కుర్చీలు జరుపుకుని దారిచ్చారు.

ఎవరిస్తో చేతిలో రుమాలుతోనే బయటికొచ్చాడు. పోలీసుల్ని పిలుస్తానన్నాడు, నూరిస్ ఉద్యోగం గురించి ఏదో అన్నాడు. గోడ మీది పేర్లు ఈవిడ పెట్టినవేనని జనంలోంచి ఎవరో అరిచేసరికి, అమ్మగారు వ్యాపారం అర్థం చేసుకోవాలనీ, పేర్లు ఎవరి సొంతమూ కావనీ గొంతు తగ్గించి చెప్పాడు.

"నిజమే సార్, పేర్లు ఎవరివీ కావు. అందుకే మీ పలక మీద రాయించడానికి ఇంకోటి తెచ్చా. మీ గొలుసు వల్ల మేం పోవాల్సొచ్చిన ఆ పెద్దరోడ్డుంది చూశారా, నేను పడ్డది, దానికి ఎవరిస్తో దారి అని పేరు పెట్టాను. అది కూడా నీలం అక్షరాల్లోనే రాయించండి," అంది బెత్సాయిదా.

ముందు ఎవరూ నవ్వలేదు. తర్వాత చేపలమ్మే ఆవిడ ఒకతె కిసుక్కుమంది. ఇక ఆగలేదు, వీధి వీధంతా నవ్వింది. బెత్సాయిదా మాత్రం నవ్వలేదు.

పోలీసులు వచ్చారు. గొలుసుకి అనుమతి కాగితం ఏదని వాళ్లు తిరిగి ఎవరిస్తోని అడిగితే ఆయన దగ్గర లేదు. మళ్లీ గొలుసు పడలేదు. బల్లలు మాత్రం అలాగే ఉన్నాయి. పింగాణీ పలక ఒక రాత్రి మాయమైంది. ఎవరిస్తోనే తీయించాడని కొందరంటారు. నూరిస్ మీద బడికి ఫిర్యాదు వెళ్లింది, ఆమెకు ఒక హెచ్చరిక వచ్చింది. పెద్దరోడ్డు మీద ఇప్పుడు బస్సు కండక్టర్లు కూడా "ఎవరిస్తో మలుపు, దిగేవాళ్లున్నారా" అని కేకేస్తున్నారు.

ఇసోల్దాకి క్షమాపణ చెప్పడానికి నూరిస్ సోమవారం హోటల్‌కి వెళ్లింది. ఆవిడ అప్పటికే ఊరు విడిచి వెళ్లిపోయింది. ఆ మాట నూరిస్ లోపలే ఉండిపోయింది.

ఇప్పుడు ఆమె గంట దారిలో ఒంటరిగా పరుగెత్తుతుంది. బల్లల దగ్గర వేగం తగ్గించదు, అడుగుల చప్పుడూ తగ్గించదు. తిరిగొచ్చేసరికి బెత్సాయిదా వాకిట్లో కాఫీతో కూర్చుని, ఈ పూట దారిలో ఎవరెవరు కనిపించారని ఆరా తీస్తుంది. నూరిస్ అన్నీ చెబుతుంది. వదిన కోపం తగ్గిందో లేదో అడగడానికి మాత్రం ఆమెకు ఇంకా ధైర్యం చాలలేదు.