పాటకు ముందు వచ్చేవాడు

ప్రేమావతి టీచరుకు పేకాట అంటే ప్రత్యేకంగా కోపమేమీ లేదు. ఆ కోపం ఆమె భర్తది. ఆయన తండ్రి విజయనగరం వైపు నుంచి కూలిపనికి ఓడెక్కి దీవులకు వచ్చి, ఆస్టినాబాద్‌లో రెండు గదుల ఇల్లు కట్టుకుని, దాన్ని పేకాటలో పోగొట్టుకున్నాడు. అప్పటికి ఆమె భర్తకు పదకొండేళ్ళు, అక్క కాసులమ్మకు పదిహేడు. ఇంటి సామాను వీధిలో పెట్టిన రోజు గురించి పెళ్ళైన కొత్తలో ఒక్కసారి చెప్పాడు. మళ్ళీ ఎత్తలేదు. ఇంట్లోకి పేకముక్క రానిచ్చేవాడు కాదు, అంతే.

అలాంటి మనిషి గొంతు మధ్యలోకి పేకాట వచ్చిందని ఆమెకు తెలిసింది ఆయన పోయిన ఏడో నెలలో, క్రైస్తవ సంఘంలోని ఆదివారం బడిలో.

ఆయన విద్యుత్తు శాఖలో పనిచేసేవాడు. సాయంత్రాలు సంఘం పిల్లలకు దేవుని పాటలు తెలుగులో నేర్పేవాడు. ఇక్కడి పిల్లలు తెలుగు మాట్లాడతారు, సగం హిందీ కలిపి. చదవమంటే మాత్రం నేల చూపులు చూస్తారు. అందుకని ఆయన ఒక్కొక్క చరణాన్ని ముందు మాటల్లో చెప్పి, "ఇప్పుడు నా వెనకాల అనండి" అని, తర్వాత పాడేవాడు. నలభై ఒక్క పాటలు అలా వీడియోలు తీసి ఒక పెద్ద కంపెనీ సైటులో పెట్టాడు. ఉత్తరపు దీవుల్లో, రంగత్‌లోనూ డిగ్లీపూర్‌లోనూ ఉన్న పిల్లలు కూడా వింటారని.

ఆ ఆదివారం బడి నడిపే క్యారొలిన్ ఫోనును స్పీకరుకు తగిలించింది. ఆమె భర్త దేవప్రసాద్ గొంతు చరణం చెప్పింది. "ఇప్పుడు నా వెనకాల అనండి" అంది. సరిగ్గా అక్కడ వీడియో ఆగి, మెరుపుల కోటు వేసుకున్న ఒకడు పేకముక్కలు విసురుతూ తెరమీదికి దూకి, "ఒక్క ఆటతో మీ జీవితం మారిపోతుంది!" అన్నాడు.

పిల్లలు పాతికమందీ చేతులు కట్టుకుని, ఒక్క గొంతుతో, "ఒక్క ఆటతో మీ జీవితం మారిపోతుంది" అన్నారు.

వాళ్ళ తప్పేమీ లేదు. ఆ మాట తర్వాత ఏది వినిపిస్తే అది అనడం వాళ్ళకు నేర్పిన పద్ధతి. క్యారొలిన్ పరుగెత్తుకెళ్ళి ఫోను ఆపింది. వెనక బెంచీలో కూర్చున్న ప్రేమావతి లేచి, పిల్లలకు నీళ్ళు తాగి రమ్మని చెప్పింది.

మర్నాడు స్కూల్లో కంప్యూటరు టీచరు దీపికను అడిగింది.

"ఆ ప్రకటనలు మనం ఆపలేం మేడమ్," అంది దీపిక. "వాళ్ళ సైటు, వాళ్ళిష్టం. ఛానెల్ చిన్నదైనా పెట్టేస్తారు. నెలనెలా కడితే మీ ఒక్క ఫోనులో రావు, అంతే."

"పిల్లల ఫోన్లలో?"

"వస్తాయి. మొత్తం తీసేయాలంటే సార్ ఖాతాలోకి వెళ్ళి మూసేయాలి."

ఖాతాలోకి వెళ్ళడానికి సంకేతం ఆయన నంబరుకు వెళ్తుంది. ఆ సిమ్ రీచార్జి లేక ఎప్పుడో ఆగిపోయింది. దుకాణంలో అడిగితే ఆ నంబరు వేరేవాళ్ళకు వెళ్ళిపోయిందన్నారు. ప్రేమావతి ధైర్యం చేసి ఆ నంబరుకు ఫోన్ చేసింది. తన భర్త సంగతి చెప్పి, మీకు ఆరంకెల సంకేతం వస్తుంది, కొంచెం చెప్తారా అని మర్యాదగా హిందీలో అడిగింది. అవతలివాడు నవ్వాడు. "దీదీ, ఓటీపీ మాంగ్‌నే వాలే చోర్ కో మై అచ్ఛీ తరహ్ పహచాన్‌తా హూఁ" అని పెట్టేశాడు. ఓటీపీ అడిగే దొంగల్ని అతను బాగా గుర్తుపడతాడట. ముప్ఫై ఏళ్ళ ఉద్యోగంలో ఆమెను దొంగ అన్నది అతనొక్కడే. అతను చేసింది సరైన పనే అని కూడా ఆమెకు తోచింది. పిల్లలకు తను చెప్పేదీ అదే.

చనిపోయినవారి ఖాతాల కోసం కంపెనీ వాళ్ళ ఫారం ఒకటుందని దీపిక వెతికి పట్టుకుంది. మరణ ధ్రువపత్రం జతచేసి పంపారు. తొమ్మిది రోజులకు జవాబు వచ్చింది. మీ నష్టానికి చింతిస్తున్నాం. పత్రంలో పేరు, ఖాతాదారు పేరు ఒకటి కావు. కనుక మీ అభ్యర్థనను ముందుకు తీసుకువెళ్ళలేం. కింద, ఈ జవాబు మీకు ఉపయోగపడిందా అని రెండు బొటనవేళ్ళ బొమ్మలు.

పత్రంలో ఉన్న పేరు పైడిబాబు. సర్వీసు రిజిస్టరులో, రేషను కార్డులో, ఆసుపత్రి చీటీల్లో అన్నిచోట్లా అదే. దేవప్రసాద్ అన్నది ఇరవై ఏడేళ్ళ కిందట బాప్తిస్మం నాడు తీసుకున్న పేరు. ఇక్కడి సంఘంలో చాలామందికి ఇలా రెండేసి పేర్లున్నాయి. ఒకటి ఆఫీసుకు, ఒకటి దేవునికి. ఇద్దరూ ఒక్కరేనని ఊరంతటికీ తెలుసు గనుక ఎవరూ ఎక్కడా రాసిపెట్టుకోలేదు.

ఆమె సంఘపు రిజిస్టరులోని పుట ఫొటో తీసి, ఇంగ్లీషులో అనువాదం రాసి పంపింది. ప్రభుత్వ పత్రం కాదు గనుక చెల్లదని జవాబు వచ్చింది. మళ్ళీ బొటనవేళ్ళు. ఈలోగా ఆమె ఫోనులో జీవిత బీమా ప్రకటనలు మొదలయ్యాయి. తర్వాత పూలదండ వేసిన ఫొటో ఫ్రేములు. భర్త పోయిన సంగతి ఆ కంపెనీకి బాగానే తెలుసు. రుజువు చేయమన్నప్పుడే తెలియదు.

అబర్డీన్ బజార్లో నోటరీ దగ్గర టైపు చేసే నాగబాబు విషయమంతా విని, వేళ్ళు విరుచుకున్నాడు.

"రెండు పేర్లకీ మధ్య అలియాస్ అని కొట్టీమంటారా మేడమ్?"

"అలియాస్ అంటే దొంగలకు కదండీ పెడతారు?"

"దొంగలకీ, మనోళ్ళకీ. ఈ బజార్లో సగంమందికి కొట్టింది నేనే." అతను కాగితం ఎక్కిస్తూ ఆగాడు. "కానీ మేడమ్, పెళ్ళాం మాట గట్టిగా నిలబడదు. పెళ్ళికి ముందు సంగతి మీకెలా తెలుసంటారు. తోడబుట్టినోళ్ళు సంతకం పెడితే ఇంక ఎవడూ నోరెత్తడు. అన్నో అక్కో ఉన్నారా?"

"ఉన్నారు. అక్క."

తమ్ముడు పేరు మార్చుకున్న నాటినుంచి కాసులమ్మ వాళ్ళ గుమ్మం తొక్కలేదు. సమాధి చేసిన రోజున వచ్చింది గాని, శ్మశానం గేటు బయటే నిలబడి, మట్టి వేయడం అయ్యాక వెళ్ళిపోయింది. ఆ తర్వాత వదినామరదళ్ళిద్దరూ మాట్లాడుకోలేదు.

శనివారం బడి అయ్యాక ప్రేమావతి ఆస్టినాబాద్ బస్సెక్కింది. కాసులమ్మ వసారాలో కూర్చుని ఎండురొయ్యల తలలు తుంచుతోంది.

"ఏటి టీచరమ్మా, దారి తప్పినావా?"

"లేదొదినా. మీతో పనుండి వచ్చాను."

"పని నేకపోతే ఎందుకొస్తావులే. కూకో. ఆ కుర్చీలో కాదు, దానికి కాలిరిగింది."

ప్రేమావతి పీట మీద కూర్చుని, క్లాసులో చెప్పినట్టే, మొదటినుంచి ఒకటొకటిగా చెప్పింది. పిల్లలు పేకాటవాడి మాట అప్పజెప్పిన దగ్గర కాసులమ్మ చేతులు ఆగాయి. మళ్ళీ కదిలాయి.

"అయితే నన్నేటి సెప్పమంటావు?"

"పైడిబాబూ దేవప్రసాదూ ఒక్కరేనని. కాగితం మీద."

"ఇన్నేళ్ళూ ఒప్పుకోందాన్ని ఇప్పుడు నోటరీ కాడికొచ్చి ఒప్పుకోమంటావు." ఆమె గొంతు పెంచలేదు. "పైడితల్లికి మొక్కితే పుట్టినోడు. మాయమ్మ ఎట్టిన పేరు. మార్చుకుంటే మార్చుకున్నాడు, అక్కతో ఒక మాట సెప్పాలా వద్దా? పెళ్ళికార్డు పంపినాడు. దానిమీద ఆ పేరు సూసి, ఇదెవులిదో పోస్టుమాను తప్పిచ్చినాడనుకున్నాను."

ఆ కార్డు మీద చిరునామా రాసింది ప్రేమావతే. అక్కతో తను చెప్తానని ఆయన అన్నాడు. చెప్పాడేమో అనుకుంది.

"అదుండనీ," అంది కాసులమ్మ. "మూసీస్తే ఇంక ఇనపడడా?"

"ఎవరు?"

కాసులమ్మ చేతులు కొంగుకు తుడుచుకుని, బొడ్డులోంచి ఫోను తీసింది. తెరమీద తమ్ముడి బొమ్మ ఉంది. కోడలు పెట్టిచ్చిందట, అది నొక్కితే చాలు. నొక్కింది. మెరుపుల కోటువాడు వచ్చాడు. కాసులమ్మ అలవాటైన పనిలా ఫోనును ఒళ్ళో బోర్లా పెట్టి, మీద అరచెయ్యి మూసి, వీధివైపు చూస్తూ కూర్చుంది. చేతికింద వాడి గొంతు గొణిగినట్టు వినిపించి ఆగిపోయింది. అప్పుడు ఫోను తిప్పింది. దేవప్రసాద్, "పిల్లలూ, అందరూ వచ్చారా?" అంటున్నాడు.

"రోజూ వింటారా వదినా?"

"పొద్దున్న టీ తాగేటప్పుడు. పాట నాకక్కర్లేదు. మీ పాటలు మీవి. ముందు మాటాడతాడే, అది. సిన్నప్పుడు కోడిపిల్లల్తో అచ్చం అలాగే మాటాడేవోడు."

"మరి ఆ పేకాటవాడు?"

"వస్తాడు. ఏటి సేస్తాం. మా నాన్నని తినీసినోడే ఇప్పుడు తమ్ముడి గుమ్మంలో కూకున్నాడు. ఆడు దాటితేగాని ఈడు రాడు."

కాదంటుందని అనుకుని వచ్చింది ప్రేమావతి. తిడుతుందని కూడా అనుకుంది. రెండింటికీ జవాబులు బస్సులో సిద్ధం చేసుకుంది. ఇది అనుకోలేదు.

"ఉండనిస్తాను వదినా," అంటూ లేచింది. "మీకిది కావాలని నాకు తెలీదు."

"కూకోమన్నానా?" కాసులమ్మ ఫోను ఆపింది. "ఆడి నోటికాడ పేకాట రావడం నీకు కష్టంగా ఉందా నేదా? సూటిగా సెప్పు."

"ఉంది."

"నాకూ ఉంది. ఇద్దరికీ కష్టమైనదాన్ని ఎవుడి లాభానికి ఉంచడం?" మళ్ళీ రొయ్యల చేట దగ్గరకు లాక్కుంది. "నాకు మాత్రం ఇంకోలాగ ఇయ్యి. సముద్రం కింద నెట్టు తీగ రాకముందు మా కోడలి అన్న సినిమాలన్నీ కార్డులో ఎక్కించి ఓడమీద పంపేవోడు. ఫోన్లో దూరిస్తే వచ్చీసేవి. మధ్యలో ఎవడూ ఊడిపడేవోడు కాదు."

సోమవారం ఇద్దరూ నాగబాబు బల్ల ముందు కూర్చున్నారు. కాసులమ్మ కాగితాన్ని తెలుగులో చెప్పించుకుంది. పైడిబాబు, సంఘంలో దేవప్రసాద్ అని పిలవబడినవాడు, నా తోడబుట్టిన తమ్ముడు. రెండోసారి కూడా చదివించుకుంది.

"సంఘంలో అని రాసినావు, బాగుంది," అంది. "ఇంట్లో పైడే."

నాగబాబు సిరాపెట్టె జరిపాడు. "ఇక్కడ వేలిముద్ర వెయ్యండమ్మా."

"సంతకం వచ్చు నాకు. తమ్ముడు నేర్పినాడు," అని పెన్ను తీసుకుంది. నాలుగక్షరాలకూ చాలాసేపు పట్టింది. వెనకవాళ్ళు కాచుకున్నారు.

కంపెనీకి కాగితం పంపాక ప్రేమావతి, దీపిక కలిసి నలభై ఒక్క పాటలూ దింపారు. అలా దింపుకోవడం సైటు నిబంధనలకు విరుద్ధమని ప్రేమావతి చదివి, చెయ్యి వెనక్కి తీసింది. "మీ ఆయన పాటలు మీరు తీసుకుంటుంటే వాళ్ళెవరు మేడమ్ ఒప్పుకోడానికి?" అంది దీపిక. ప్రేమావతి కానివ్వమంది. దుకాణంలో చిన్న మెమరీ కార్డులు కొన్నారు. ఒకటి కాసులమ్మకు, ఒకటి క్యారొలిన్‌కు. మిగిలినవి కవర్లలో పెట్టి, ఒక్కో దానిమీద ఒక్కో సంఘం పేరు రాసి, ప్రేమావతి ఫీనిక్స్ బే ఓడరేవుకు వెళ్ళింది. డిగ్లీపూర్ ఓడలో పనిచేసే బెన్‌హర్ వాళ్ళ సంఘం మనిషే.

"టీచర్‌జీ, నెట్ బాగా వచ్చాక ఈ కవర్ల పని బంద్ అయిపోయింది కదా. ఏముంది ఇందులో?"

"ఆయన పాటలు."

"అవి నెట్‌లో ఉన్నాయిగా? మా పాప రోజూ వింటది."

"ఇంక ఉండవు, భయ్యా."

బెన్‌హర్ ఆమె మొహం చూశాడు. కవర్లు సంచిలో వేయబోయినవాడు తీసి, చొక్కా లోపలి జేబులో పెట్టుకుని బొత్తాం పెట్టుకున్నాడు.

పందొమ్మిదో రోజున కంపెనీ ఒప్పుకుంది. ఒక లింకు పంపింది. ఖాతా శాశ్వతంగా మూసివేయబడును, తిరిగి తెరుచుట సాధ్యపడదు. ఎందుకు మూసివేస్తున్నారో ఎంచుకోమని ఆరు కారణాలిచ్చారు. ఆమె కారణం వాటిలో లేదు. 'ఇతరములు' నొక్కింది. వివరించమని గడి వచ్చింది. ఖాళీగా వదిలేసింది. ఒప్పుకోలేదు, ఏదో ఒకటి రాయమంది. ఎర్రసిరాతో పిల్లల వ్యాసాలు దిద్దే ఆమెకు వాక్యం తట్టలేదు. చివరికి 'ఆయన పాటలు ఆయనవి' అని రాసి, నొక్కింది. తెర తెల్లగా అయింది. మా సేవకు ఎన్ని నక్షత్రాలిస్తారు అని అడిగింది. ఆమె ఫోను ఆపి, అన్నానికి బియ్యం కడగడానికి లేచింది.

మర్నాడు పొద్దున్న టీ వేళకు ఫోను మోగింది.

"బొమ్మ నొక్కినాను," అంది కాసులమ్మ. "తమ్ముడు అవుపడ్నేదు."

"అవునొదినా. నిన్న మూసేశాను."

"ఊఁ." అవతల గ్లాసు కింద పెట్టిన చప్పుడైంది. "కార్డుది ఎట్టుకున్నాన్లే. మొత్తం ఇన్నాను, పాటలు కూడా. మధ్యలో ఎవడూ రానేదు. ఆఖర్న ఉన్న పాటలో, మూడో చరణం కాడ దగ్గుతాడు. నువ్వు ఇన్నావా?"

"విన్నాను."

"అప్పటికే వచ్చీసిందా జబ్బు?"

"వచ్చింది. మాకు తెలీదు. దుమ్ము అనుకున్నాం."

"నాకెవులూ సెప్పనేదు, ప్రేమా. ఏటైందో, ఎలాగైందో."

ప్రేమావతి గడియారం చూసింది. బడికి ఇంకా గంట ఉంది. కుర్చీ కిటికీ దగ్గరకు లాక్కుని కూర్చుంది.

"మొదట దగ్గు జూన్‌లో వచ్చింది వదినా," అని మొదలుపెట్టింది.