బాగున్న కాలి బొటనవేలు

ఆపరేషన్ అయిన మర్నాడు పొద్దున్నే రోగి మంచం పక్కకి స్టూలు లాక్కుని కూర్చోవడం మత్తు డాక్టరుకి అలవాటు. తుంటి విరిగిన దర్జీ ముసలమ్మ ఆయన్ని చూసి నోరారా నవ్వింది. ముందురోజు ఆవిడ వెన్నులో ఆయన ఇచ్చిన మత్తుమందు మామూలు మోతాదులో సగం. విరిగిన వైపు కిందికి వచ్చేలా పడుకోబెట్టి, నెమ్మదిగా ఎక్కించి, పావుగంట కదలనివ్వలేదు. ఆ ఒక్క కాలే మొద్దుబారింది. బీపీ పడలేదు.

రెండేళ్ల కిందట ఆయన భార్యకీ తుంటి విరిగింది. వేరే ఆస్పత్రిలో నిండు మోతాదు ఇచ్చారు. పడిన బీపీ మళ్లీ లేవలేదు. అప్పట్నించీ ఈ సగం మోతాదు పద్ధతే ఆయనకి లోకం. నలభైమంది ముసలివాళ్లు, నలభై కార్డులు, అన్నిటి మీదా 'నొప్పి లేదు'. శనివారం నాలుగు ఆస్పత్రుల నుంచి డాక్టర్లు నేర్చుకోడానికి వస్తున్నారు.

"నొప్పేమైనా తెలిసిందా, పెద్దమ్మా?"

"ఎక్కడ నాయనా! చురుక్కుమనగానే బొటనవేలు కదిపాగా."

"ఏ వేలు?"

"బాగున్న కాలిదే. కోసేటప్పుడు చురుక్కుమంటే అరవకు, ఆ వేలు కదుపు, అక్కడే ఇంకో సూది వేస్తానని మీ బావమరిది ముందే చెప్పాడు. మా బావ మనసు కష్టపెట్టుకుంటాడు, ఆయనకి చెప్పకన్నాడు." అంటూనే నాలిక్కరుచుకుంది. "అయ్యో, నా నోరు పడ! చెప్పేశానే."

ఆయన ఆవిడ దుప్పటి సర్ది లేచాడు.

కోత డాక్టరైన బావమరిది థియేటరు బయట చేతులు కడుక్కుంటున్నాడు. మత్తు డాక్టరు కార్డుల కట్ట గట్టు మీద పెట్టాడు.

"ఎంతమంది వేలు కదిపారు?"

బావమరిది కుళాయి కట్టేశాడు.

"బావా, అక్క పోయాక నువ్వు కడుపునిండా తిన్నది మొదటి కార్డు రాసిన రోజే. అది నా చేత్తో ఎలా లాక్కోను?"

"సిస్టరుకి తెలుసా?"

"మందు అందించేది ఆవిడే."

రోగి ఛాతీ మీద అడ్డంగా కట్టే తెరకి ఇవతల తను బీపీ చూసి మురిసిపోతుంటే, తెర అవతల ఇంత జరిగిందన్నమాట.

"శనివారం వచ్చేవాళ్లందరికీ నీలాంటి బావమరుదులుంటారట్రా? నా మాట నమ్మి సగం ఇస్తే వాళ్ల ముసలివాళ్ల గతేంటి? మీ అక్కని తలుచుకుని చేస్తున్న పనిరా ఇది. నా కళ్లకే గంతలు కట్టావు."

"ఒక్కరికీ నొప్పి తెలియనివ్వలేదు బావా."

"నాకూ తెలియనివ్వలేదు. కూర్చో. ఒక్కో కార్డూ చెప్పు."

బావమరిది ఒక్కటీ తడుముకోలేదు. "ఈ పోస్ట్‌మాన్ రెండుసార్లు కదిపాడు. ఈవిడ కదపలేదు." అంత బాగా గుర్తుండటమే ఆయన్ని ఎక్కువ కోసింది. ఎర్రసిరాతో పదకొండు చోట్ల 'నొప్పి లేదు' కొట్టేశాడు. బీపీ అంకెలు మాత్రం నలభైలోనూ నిజమే. ఆ మాత్రమైనా మిగిలింది.

మర్నాడు బల్ల మీద ఒక ముసలి డ్రైవరు. మత్తు డాక్టరు మందు కాస్త పెంచి ఎక్కించాడు. ఎప్పుడూ తెర కట్టేది బావమరిదే. ఇవాళ ఆయన గుడ్డ తన చేతిలోకి తీసుకుని, జానెడు కిందికి కట్టాడు. ఇప్పుడు పాదాలు కనిపిస్తున్నాయి.

"నొప్పనిపిస్తే బాగున్న కాలి వేలు నాకు కదిపి చూపించు, పెద్దాయనా."

కత్తి దిగింది. వేలు కదల్లేదు.

మాస్కు పైనుంచి బావమరిది ఇటు చూశాడు, బావ ఏదైనా అంటాడేమోనని. ఆయన ఆ వేలి మీంచి చూపు తిప్పలేదు.