కోతపండుగ పాటలో దొరసాని కెమెరా

నందిగామ పేటలోని సంఘానికి వరప్రసాదరావు మేస్టారు కోశాధికారి. చర్చి దీపంలో కిరసనాయిలు ఎక్కువ పోశారని పాస్టరుగారితోనే పేచీ పెట్టుకున్న ఘనుడు. ఎవరైనా పిసినారి అంటే, "అది దేవుడి సొమ్మయ్యా, నాదైతే ఎప్పుడో తగలేసేవాణ్ణి" అనేవాడు. తన సొమ్మైనా ఏనాడూ తగలేసిన పాపాన పోలేదు.

అలాంటివాడి చేతిలో దొరసాని కెమెరా వచ్చిపడింది. నల్లగుడ్డ కప్పుకుని ఫొటో తీసే పాతకాలపు చెక్కపెట్టె అది. మిషను దొరసాని తన దేశం వెళ్ళిపోతూ సంఘానికి ఇచ్చిపోయింది. ఆమె దగ్గర పని నేర్చిన ఇశ్రాయేలు పెళ్ళిళ్ళకీ బాప్తిస్మాలకీ దాంతోనే ఫొటోలు తీస్తూ వచ్చాడు. పోయిన వానాకాలంలో ఎలుకలు దాని తోలు మడతల్ని కొరికేశాయి. షట్టరు కూడా బిగుసుకుపోయింది.

మేస్టారు దాన్ని స్వయంగా బెజవాడ మోసుకెళ్ళాడు. "తోలు మద్రాసు నుంచి రావాలండీ. ఆ డబ్బుకి కొత్తదే వస్తుంది" అన్నాడు బాగుచేసే మనిషి. దాంతో మేస్టారు తేల్చేశాడు. అలాంటి కెమెరా మళ్ళీ దొరకదని ఇశ్రాయేలు బతిమాలితే, "చచ్చిన గేదెకు పాలెక్కువ" అని కొట్టిపారేసి, కోతపండుగ వేలంలో పెట్టేద్దామన్నాడు.

కోతపండుగ పాట అంటే మామూలు బేరం కాదు. గుమ్మడికాయ మేకపిల్ల ధర పలుకుతుంది. పాడుకున్నవాడు దాన్ని ఇంటికి మోసుకుపోతే నామర్దా. సంఘానికే తిరిగిచ్చేస్తాడు, దాన్ని మళ్ళీ పాటకు పెడతారు. అలా ఒక్క కాయే పొద్దుగూకేదాకా చేతులు మారుతుంది. పాట నడుపుతూ ధర పలికేది ఎప్పుడూ మేస్టారే.

కెమెరాను బల్లమీద పెట్టేసరికి జనం నవ్వారు. "కోళ్ళగూటికి పనికొస్తది, నాకిచ్చెయ్యండి" అన్నాడు రైతుకూలీ రత్తయ్య. అప్పుడు ఆడవాళ్ళలోంచి ఆరోగ్యమ్మ లేచింది. మిరపకోతలకు పోయి బతికే ముసలామె.

"అయిదు రూపాయలు."

"దాంట్లో మిరపకాయలు పోసుకుంటావా అత్తా?" అన్నాడు మేస్టారు.

"బాగు చేయిస్తా అల్లుడూ."

"ఆ ఖర్చుతో కొత్తది వస్తది తెలుసా?"

"కొత్తదీ బొమ్మ తీసుద్ది, కాదన్నానా? జగ్గయ్యపేటలో బొమ్మలు తీసేవాడు మీ మావనీ నన్నూ కుర్చీ ముట్టుకోనిచ్చాడా? గోడకి నిలబెట్టి తీసి పంపించాడు. మా ఇద్దర్నీ పక్కపక్కన కుర్చీల్లో కూకోబెట్టి తీసింది ఇదే. మీ నాన్నని తీసిందీ ఇదే."

మేస్టారి తండ్రి ఏసురత్నం ఊరి ఆసామి దశరథరామయ్యగారింట్లో బతుకంతా పాలేరుతనం చేశాడు. ఒక్కనాడూ ఆ అరుగుమీద కూర్చోలేదు. ఫొటోలో మాత్రం కుర్చీలో కాలుమీద కాలేసుకుని సూటిగా చూస్తుంటాడు. మేస్టారు రోజూ ఆ ఫొటో చూసే బడికి వెళతాడు. తను వేసిన లెక్కల్లో అది రానందుకు ఆయనకు సిగ్గేసింది. వెంటనే నాన్న కూర్చున్న ఆ దర్జా తలపుకొచ్చి ఛాతీ పొంగింది.

"రిపేరుకయ్యేదంతా నా పాట!" అని అరిచాడు.

జనం నోళ్ళు తెరిచారు.

"పలికేవాడు పాడకూడదండీ మేస్టారూ" అన్నాడు రత్తయ్య.

"ఇవాళ పాడతాడు. ఒకటోసారి, రెండోసారి, మూడోసారి!" అని బల్లమీద చరిచాడు మేస్టారు. "పాడుకున్నా. సంఘానికే తిరిగిచ్చేస్తున్నా. బాగు చేయించండి."

చప్పట్లు మోగాయి. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి తనంతటివాడు లేడనిపించింది మేస్టారికి. కానీ ఆరోగ్యమ్మ కూర్చోలేదు.

"తిరిగిచ్చావుగా. మళ్ళీ పాటకు పెట్టు."

"కావలసిన డబ్బు వచ్చేసిందిగా అత్తా, ఇంకెందుకు?"

"నీ ఒక్కడి డబ్బుతో బాగైతే అది నీ కెమెరా అవుద్ది అల్లుడూ. మేం నువ్వు కూకోమంటే కూకున్నట్టు ఉంటది. అది మా అందరిదీ కావాల. నా అయిదు రూపాయలు అట్టానే ఉన్నయ్."

రత్తయ్య చెయ్యెత్తాడు. "నావి రెండు కోళ్ళు రాసుకోండి." వెనకనుంచి ఇశ్రాయేలు చెయ్యి లేచింది. ఆ వెనక మరికొన్ని లేచాయి.

మేస్టారికి కళ్ళు చెమర్చాయి. తనను చూసుకుని పొంగినదానికన్నా ఈ జనాన్ని చూసి ఎక్కువ పొంగిపోయాడు. కండువాతో మొహం తుడుచుకుని, గొంతు సవరించుకున్నాడు.

"ఆరోగ్యమ్మత్త పాట, అయిదు రూపాయలు" అని మొదలుపెట్టాడు.