చిలకపచ్చ గుడ్డ

ముత్యం చేతులు చీర మడతపెడుతున్నాయి గానీ మనసు పొద్దున ఇంట్లో విన్న మాట దగ్గరే ఆగిపోయింది. బతుకుదెరువుకు వలస వచ్చిన ఖటోదరాలో, ఆ పాలిస్టర్ చీరల మిల్లులో అతని పనల్లా ఇదే. గుడ్డను బల్ల మీద పరిచి, అరచేత్తో ముడతలు తీసి, అంచుకు అంచు కలిపి మడవడం. ఏళ్ల తరబడి చేసీ చేసీ కుడి అరచెయ్యి నున్నగా అరిగిపోయింది. ఇంట్లో తువ్వాలు చేతికిచ్చినా మిల్లు మడతే పెడతాడని భార్య వినోద నవ్వుతుంది.

పొద్దున అతను టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుంటుంటే కూతురు సుభాషిణి వచ్చి ఎదురుగా నిలబడింది. ఆమె సాయంత్రం బండికి హైదరాబాదు వెళ్తోంది. సుస్థిరాభివృద్ధిలో పీహెచ్‌డీకి ఎల్లుండి ఇంటర్వ్యూ. వాడి పారేసిన పాలిస్టర్ గుడ్డ మట్టినీ నీళ్లనూ ఏం చేస్తుందో చదువుతుందట.

"బాపూ, ఈ చదువే ఎందుకని వాళ్లు ముందుగాల అదే అడుగుతరు. తమ్ముని ముచ్చట చెప్పాల్నా? నువ్వు వద్దంటే చెప్ప. వేరేదేమన్న చెప్త."

ముత్యం చెప్పులేసుకుని మిల్లుకు వచ్చేశాడు.

ఆ ముచ్చట ఇంట్లో ఎవరూ ఎత్తరు. సుభాషిణి తరువాత పుట్టిన మగపిల్లవాడు నెల తిరక్కుండానే జ్వరంతో పోయాడు. పసిబిడ్డలను కాల్చరు గనక వడోద్ శివారులో కాలువ గట్టున పాతిపెట్టారు. ఉత్త ఒంటితో ఎట్లా పంపుతామని ముత్యం మిల్లుకు పరుగెత్తి, జరీ అంచున్న చిలకపచ్చ పాలిస్టర్ గుడ్డ, ఉన్నవాటిలో మేలైనది, బతిమాలి తెచ్చి తన చేతులతోనే చుట్టాడు. కొడుక్కి అతను పెట్టిన కొత్తబట్ట అదొక్కటే.

కొన్నేళ్లకు కాలువ వెడల్పు చేయడానికి జేసీబీ ఆ గట్టును తవ్వింది. చూడబోయిన పిల్లల్లో సుభాషిణి కూడా ఉంది. మట్టిలోంచి చిలకపచ్చ గుడ్డ బయటపడింది. రంగు వెలిసిపోలేదు, పోగు ఊడలేదు. లోపల మన్ను తప్ప ఏమీ లేదు. తమ్ముణ్ని అందులో చుట్టడం చూసిన పిల్ల గనక గుర్తుపట్టి, దాన్ని గుండెకు హత్తుకుని ఇంటికొచ్చి, "బాపూ, గుడ్డ గట్లనే ఉన్నది. తమ్ముడేడి?" అని అడిగింది. ముత్యం తింటున్న కంచం ముందునుంచి లేచిపోయాడు. హాయిగా మట్టిలో కలవాల్సిన బిడ్డను సంచిలో కట్టి పడేసినట్టు అనిపించింది. వినోద ఆ గుడ్డను ఉతికి పెట్టె అడుగున దాచింది. పారేయడానికి ఎవరికీ చేతులు రాలేదు.

మధ్యాహ్నం సేఠు ఒక కొనుగోలుదారును వెంటబెట్టుకొచ్చి, ముత్యం మడిచిన దొంతరలోంచి ఒక చీర లాగి రెండు చేతులా గుంజి చూపించాడు.

"ఆద్మీ చలా జాయేగా, సాడీ రహేగీ!"

మనిషి పోయినా చీర ఉంటుందనే ఆ మాటను ముత్యం ఇన్నేళ్లూ గర్వంగానే విన్నాడు. తన చెయ్యి పడిన సరుకు గదా మరి. ఇవాళ మాత్రం చేతిలోని చీరను సగం మడతలోనే వదిలేశాడు.

"ఏందే, గట్ల నిలబడ్డవ్?" అన్నాడు పక్క బల్ల సంపత్.

"ఏం లేదే. సేఠు నిజమే చెప్తుండు."

సాయంత్రం పెందలాడే సెలవడిగి స్టేషనుకు వెళ్లాడు. సుభాషిణి మళ్లీ అడగలేదు. బండి కూత వినబడ్డాక అతనే నోరు విప్పాడు.

"చెప్పు బిడ్డా. గుడ్డ మా బాపే తెచ్చిండని గూడ చెప్పు. దాయకు."

"నిన్ను తప్పు పడతరేమో బాపూ."

"పట్టనీ. ప్రేమతోని తెచ్చిన. గది గూడ చెప్పు."

సుభాషిణి కళ్లు తుడుచుకుని సంచిలోంచి చిలకపచ్చ గుడ్డ చుట్టిన కాగితం పొట్లం తీసింది. "చూపెడదామని ఇది తీసుకున్న."

అతను పొట్లం మీద చెయ్యి వేశాడు. "మాట చాలు. ఇది నాకియ్యి. వాడు మనింట్ల పుట్టిండనేటందుకు గిదొక్కటే ఉన్నది."

ఆమె ఇచ్చేసి బండెక్కింది. బండి కదిలింది. ముత్యం ఎవరు చూస్తున్నదీ పట్టించుకోకుండా ఏడ్చాడు.

ఇంటికొచ్చి గుడ్డను నేల మీద పరిచి ముడతలు తీశాడు. అలవాటుగా అంచుకు అంచు కలపబోయి ఆగాడు. పసిబిడ్డకు పొత్తిగుడ్డ చుట్టినట్టు మెల్లగా చుట్టాడు. గూట్లో, కూతురు మరిచిపోయిన దువ్వెన పక్కన పెట్టిన ఆ చిలకపచ్చ గుడ్డ ఇంకా కొత్తగానే మెరుస్తోంది.