ఎదుటి పక్షం

సాహిత్యం చెప్పే మాస్టారికి పిల్లలు పెట్టిన పేరు ‘ఏదీ-చూపించు’. ‘మా అమ్మ చాలా మంచిది’ అని ఎవరైనా వ్యాసంలో రాస్తే పక్కన ఎర్రసిరాతో ఆ రెండు మాటలూ పడేవి. మంచితనం కనపడదు, మంచితనం చేసిన పని కనపడుతుంది, అది రాయమనేవాడు. ఇంట్లో భార్య ఆకలేస్తోందన్నా మాస్టారు అదే అంటాడని పదో తరగతి వెనక బెంచీల్లో చెప్పుకుని నవ్వేవారు.

వారానికొకసారి వాదం పీరియడు ఉండేది. ఒక విషయం ఇచ్చి, ముందు చేతులెత్తించి, ఎవరిది ఏ పక్షమో తెలుసుకునేవాడు. తర్వాత ఎవరు దేన్ని నమ్మరో వాళ్ళ చేత అదే మాట్లాడించేవాడు. ఆ గంటలో చెప్పింది నిజమా అని ఎవరూ ఎవర్నీ అడగకూడదు. మాట గది దాటకూడదు. ఆ నియమం పెట్టింది మాస్టారే. తప్పిందీ మాస్టారే.

ఆ వారం విషయం, పిల్లల్ని కఠినంగా పెంచడం తప్పు కాదు అని. తప్పేనని చెయ్యెత్తినవాళ్ళలో కిటికీ పక్కన కూర్చునే పిల్ల కూడా ఉంది. ఏడాదిగా ఆ పిల్ల గొంతు ఎవరూ సరిగ్గా విన్నది లేదు. హాజరు పిలిస్తే చెయ్యెత్తేది. తోటిపిల్లలు ‘మూగనోము’ అని పిలిచేవారు. మాస్టారు సరదాకి ఆమెనే లేపాడు.

ఆ పిల్ల ఒక తండ్రి గొంతుతో మొదలుపెట్టింది.

“నా కూతుర్ని నేను కొట్టను. సామాన్ల గదిలో ఉంచుతానంతే. గడియ బయటి వైపు పెట్టించాను. బల్బు తీసేశాను, వెలుతురుంటే పుస్తకం చదువుకుంటుంది, ఇక అది శిక్షెలా అవుతుంది? నీళ్ళు పెడతాను, నేను రాక్షసుణ్ణి కాదు. ప్లాస్టిక్ మగ్గులో పెడతాను, గాజుది అయితే దాంతో ఏం చేసుకుంటుందో తెలీదు కదా. తలుపు కింద సందులో తువ్వాలు కుక్కుతాను. పక్కింటివాళ్ళకి నిద్ర పాడవకూడదు.”

ఎక్కడా తడబడలేదు. గొంతు పెంచలేదు. చెప్పి కూర్చుంది. చప్పట్లు మోగాయి. మాస్టారి ఒళ్ళు పులకరించింది. ఇన్నేళ్ళ చాకిరీకి ఇవాళ ఫలితం కనపడిందనుకున్నాడు. వినండర్రా, క్రమశిక్షణ అన్న మాటే వాడకుండా ఎలా చూపించిందో, అని తరగతికంతటికీ విడమరిచి చెప్పాడు.

అక్కడితో ఆగినా బాగుండేది. సాయంత్రం గేటు దగ్గర ఆ పిల్ల తండ్రి స్కూటరు మీద కూర్చుని ఉన్నాడు. ఆయనది మందుల షాపు. వైద్యం చదవకపోయినా వీధంతా ఆయన్ని డాక్టరుగారనే పిలుస్తుంది. బడిలో ఫ్యాన్లన్నీ ఆయన వేయించినవే. మాస్టారు పనిగట్టుకుని వెళ్ళి పలకరించాడు.

“మీ అమ్మాయి ఇవాళ అదరగొట్టిందండీ. ఆ తువ్వాలు మాట ఒక్కటి చాలు.”

“తువ్వాలేంటి మాస్టారూ?” అన్నాడాయన నవ్వుతూ.

మాస్టారు మొత్తం చెప్పాడు. గడియ, బల్బు, మగ్గు, ఒక్కటీ వదల్లేదు. ఆయన అంతా శ్రద్ధగా విని, మీ పుణ్యమే అని దణ్ణం పెట్టి స్కూటరు తీశాడు. వెనక కూర్చున్న పిల్ల తల తిప్పి మాస్టారి వైపు చూసింది. సిగ్గు కాబోలు అనుకున్నాడు మన మాస్టారు.

రాత్రి భోజనాల దగ్గర అదే గొప్ప భార్యకి చెప్పుకున్నాడు. ఆమె కుట్టుపనికి వెళ్తుంది, చదివింది తక్కువ. తువ్వాలు దాకా వచ్చేసరికి చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

“ఆ తువ్వాలు సంగతి లోపల ఉండి చూస్తే తప్ప ఎలా తెలుస్తుందండీ? సందులోంచి వచ్చే కాస్త వెలుతురూ ఆగిపోతేనే కదా తెలిసేది.”

మాస్టారు నీళ్ళు తాగబోయి గ్లాసు దించేశాడు. అది కల్పన అనబోయి ఆగాడు. గేటు దగ్గర ఆ పిల్ల చూసిన చూపు ఇప్పుడు అర్థమైంది. అది సిగ్గు కాదు. తను ఆ పిల్లని స్కూటరు ఎక్కించి మరీ పంపించాడు.

“ఎవరికైనా చెప్పారా ఇది?” అంది భార్య.

ఆయన కంచంలోనే చెయ్యి కడిగేసుకున్నాడు. ఆమె కంచం తీసుకుని లేచిపోయింది.

మర్నాడు కిటికీ పక్కన బెంచీ ఖాళీగా ఉంది. హాజరు పిలుస్తూ ఆ పేరు దగ్గర ఆగి, గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. పాఠం ఎటు పోయిందో తెలీదు. గంట కొట్టగానే హెడ్మాస్టరు గదికి పోయి సంగతి చెప్పాడు. ఆయన ఫ్యాను వైపోసారి చూసి, పిల్లలకి అబద్ధాలాడ్డం నేర్పింది మీరే, ఇప్పుడు నిజమంటూ పరిగెత్తేదీ మీరేనా అన్నాడు. జ్వరమొచ్చి ఉంటుంది, పోయి పాఠం చెప్పుకోండి అన్నాడు.

మాస్టారు పాఠానికి పోలేదు. గేటు దాటాడు. ధైర్యంతో కాదు. ఆ బెంచీ ముందు ఇంకో గంట నిలబడే ధైర్యం లేక.

ఆ ఇల్లు శుభ్రంగా ఉంది. వరండాలో కుండీలకి నీళ్ళు పోసి ఉన్నాయి. తలుపు తీసింది తండ్రే. షాపుకి వెళ్ళలేదు. రండి మాస్టారూ అని కుర్చీ వేశాడు. అమ్మాయికి ఒళ్ళు వెచ్చబడిందని, పడుకుందని, తల్లి లేని పిల్ల కదా తనే చూసుకోవాలని చెప్పాడు. మాస్టారు కూర్చోలేదు. చూసి వెళ్తానన్నాడు. ఆ మాట తన చెవికే సరిగ్గా వినపడలేదు.

“చూడండి, దానికేం” అని ఆయన లోపలికి వెళ్ళాడు. గడియ తీసిన చప్పుడైంది. అది పడకగది చప్పుడు కాదు. మెట్లు దిగి పోతే ఎవరడుగుతారు అని ఒక్క క్షణం అనిపించింది. నిజంగానే ఒక మెట్టు దిగాడు.

తండ్రి పిల్లని భుజం మీద చెయ్యేసి నడిపించుకొచ్చాడు. తల నున్నగా దువ్వి ఉంది. వెలుతురుకి కళ్ళు చికిలించింది. పట్టపగలు, ఇంట్లోనే ఉన్న మనిషి అలా కళ్ళు చికిలించడం చూసి మాస్టారు దిగిన మెట్టు మళ్ళీ ఎక్కాడు.

“నువ్వే చెప్పమ్మా. క్లాసులో చెప్పింది నిజమా, కల్పనా?”

“కల్పన నాన్నా.”

నిన్నటి గొంతే. తడబాటు లేదు. తను నమ్మనిదాన్ని మాట్లాడటం ఆ పిల్లకి మాస్టారే నేర్పాడు.

“విన్నారుగా” అన్నాడు తండ్రి. “మీకూ నిమ్మళం, నాకూ నిమ్మళం.”

మాస్టారికి వాదమంటూ ఒక్కటీ తోచలేదు. తోచింది ఒక్క అబద్ధం, అదీ చేతకాని అబద్ధం.

“పరీక్ష ఉందమ్మా. పద.”

“జ్వరం అంటున్నాను కదా మాస్టారూ.”

“పద” అన్నాడు మళ్ళీ, పిల్లతోనే. తండ్రి ముఖం చూస్తే ఆ మాట నిలవదని తెలుసు.

పిల్ల కదల్లేదు. భుజం మీది వేళ్ళు బిగుసుకోవడం మాస్టారికి కనపడింది. ఎదురింటి మేడ మీద బట్టలారేస్తున్న ఆవిడ ఆగి ఇటే చూస్తోంది. తండ్రి కూడా ఆమెని చూశాడు. చూసి నవ్వాడు. నవ్వినప్పుడు వేళ్ళు వదులయ్యాయి. పిల్ల మెట్లు దిగింది. కాళ్ళకి చెప్పుల్లేవు.

గేటు దాటారు. వీధి చివర కుడివైపు తిరిగితే బడి, ఎడమవైపు పోలీసు స్టేషను. మాస్టారు ఎడమవైపు తిరిగాడు. పిల్ల అడగలేదు. వెనక అడుగుల చప్పుడు వినపడింది. తొందర లేని నడక. తండ్రి ఎదురొచ్చినవాళ్ళందరికీ నమస్కారాలు పెడుతూ, పిల్లకి ఒంట్లో బాలేదండీ, మాస్టారు చాదస్తం అని చెప్పుకుంటూ వస్తున్నాడు. అందరూ పాపం అన్నట్టు తలాడించారు. ఎవరికోసమో మాస్టారికి తెలీలేదు. పరిగెత్తాలనిపించింది. పరిగెత్తితే అందరి కళ్ళకీ తనే దొంగ.

స్టేషన్లో ఫిర్యాదులు రాసుకునే రైటరు తండ్రిని గుర్తుపట్టాడు. డాక్టరుగారూ మీరా అని లేచి తన కుర్చీ ఇచ్చాడు. తండ్రి కూర్చుని, రుమాలుతో మెడ తుడుచుకుని, మొదలుపెట్టాడు. బాగా మాట్లాడాడు. తల్లి పోయిన ఇల్లు అన్నాడు, పగలంతా షాపన్నాడు, ఊహలెక్కువున్న పిల్లన్నాడు. అలాంటి పిల్లకి అబద్ధాన్ని నమ్మించడం నేర్పే మాస్టారు దొరికితే ఏ తండ్రైనా ఏం చేస్తాడని అడిగాడు. రైటరు మాస్టారి వైపు చూసిన చూపు మారిపోయింది. చూసిందేమిటో చెప్పండి అన్నాడు. మాస్టారు చూసింది కళ్ళు చికిలించడం. అది చెప్పాడు. చెబుతుంటే తనకే నవ్వులాటగా వినపడింది.

“ఇంతకీ ఫిర్యాదు ఎవరిది?”

మాస్టారు నోరు తెరిచేలోపు పిల్ల అంది.

“నాది.”

తండ్రి ఆమె పేరు పెట్టి పిలిచాడు, చాలా నెమ్మదిగా. పిల్ల బల్ల అంచు పట్టుకుంది. మళ్ళీ అంది, ఈసారి గొంతు వణికింది, నాది అని. తరగతిలో వణకని గొంతు ఇక్కడ వణకడం రైటరు విన్నాడో లేదో మాస్టారికి తెలియలేదు. రైటరు పెన్ను పట్టుకుని ఒకసారి పిల్ల వైపు, ఒకసారి కుర్చీలో ఉన్న మనిషి వైపు చూస్తున్నాడు. ఇంకా కాగితం తీయలేదు.