నీలమ్మ పీట

రత్నాలమ్మ రెండు చేతులూ బూడిద డబ్బాలో ముంచి, వేళ్ళ సందుల్లోకి కూడా రుద్దుకుంది. బూడిద లేకుండా జీడిపిక్క ముట్టుకుంటే జీడిసొన చర్మాన్ని తినేస్తుంది. రుద్దుకున్నా తినకుండా ఉండదు, కాస్త నెమ్మదిగా తింటుంది, అంతే. కాల్చిన పిక్కను రాయి మీద పెట్టి, కొయ్యసుత్తితో ఒక దెబ్బ వేసి, పెంకు విప్పి పప్పును చేటలో వేసింది. పప్పు విరిగింది. ఆవేళ పొద్దుటి నుంచి విరుగుతూనే ఉన్నాయి.

పలాసలోని ఆ జీడి ఫ్యాక్టరీ రేకుల షెడ్డు వెనకే రైలు పట్టాలు. విశాఖపట్నం వైపు నుంచి బండి వస్తే ముందు నేల సన్నగా అదిరేది, తర్వాత కూత వినిపించేది. ఆ అదురు తెలియగానే ఆమె సుత్తి గాలిలోనే ఆగిపోయేది. పక్కనే కూర్చుని పిక్కలు కొట్టే చిన్ననాటి నేస్తం నీలమ్మను తీసుకెళ్ళింది అటే, పెద్దాసుపత్రికి. ఉద్దానంలో ఇంటింటికీ తెలిసిన కిడ్నీ జబ్బే అది. ముందు కాళ్ళు ఉబ్బాయి, తర్వాత ముఖం. మొగుడు రామూర్తి భుజం పట్టుకుని రైలెక్కిన మనిషి కిటికీలోంచి ఒకే మాట చెప్పింది.

"నా జాగా సూత్తుండే. ఎవుల్నీ కూకోనీకు."

ఆ షెడ్డులో జాగా అంటే పీటే. ఎవరి పీట వాళ్ళు ఇంటి నుంచి తెచ్చుకుంటారు. పీట వరసలో ఉన్నన్నాళ్ళూ ఆ జాగా ఆ మనిషిదే, జ్వరమొచ్చినా, పురుడొచ్చినా. మనిషి ఇక రాదంటే ఇంటివాళ్ళొచ్చి పీట పట్టుకుపోతారు. అందులోనూ నీలమ్మది కిటికీ పక్క జాగా. పొయ్యిల పొగ అక్కడ కాస్త తక్కువ. ఆయాసపడే మనిషికి మరో చోట కూర్చుని పనిచేయడం అయ్యే పని కాదు.

ఆ ఉదయం రత్నాలమ్మ వచ్చేసరికి నీలమ్మ పీట గోడవారన బోర్లించి ఉంది. ఊడ్చేవాళ్ళు తీసి ఉంటారని తనకు తాను చెప్పుకుంది. కానీ పీట బోర్లిస్తే మనిషి లేనట్టే లెక్క. గబగబా వెళ్ళి దాన్ని తిప్పి, కొంగుతో తుడిచి, కిటికీ పక్కనే పెట్టింది. కొత్తగా చేరిన భాను అనే అమ్మాయి చంకలో పీట పెట్టుకుని, ఎక్కడ కూర్చోమంటారా అని చూస్తూ నిలబడి ఉంది. రత్నాలమ్మ ఆలోచించలేదు. నీలమ్మ పీట మీద తానే కూర్చుంది. తన పీటను పక్కనే తన జాగాలో పెట్టి, దాని మీద బూడిద డబ్బా ఉంచింది.

ఎదుటి వరసలో అసిరమ్మ చూసి నవ్వింది. "ఏటే రత్నాలూ, ఉన్నది ఒక్క మనిసివి. రెండు పీటలేటే నీకు? రేపు మొగుళ్ళు కూడా ఇద్దరు కావాలంతావు."

"ఉన్నోడికే వొండలేక సత్తన్నాను, అప్పా," అంది రత్నాలమ్మ. అందరూ నవ్వారు. తనూ నవ్వింది.

కూర్చున్నాక బొటనవేలు కిందికి వెళ్ళి పీట అంచున ఉన్న బొక్కను తడిమింది. అది తెప్పకు తాడు కట్టే బొక్క. నీలమ్మ తండ్రి సముద్రం మీద వేటకు వెళ్ళే మనిషి. తెప్ప పాతబడి విప్పేసినప్పుడు ఒక దుంగలోంచి రెండు పీటలు కోశాడు. ఊరి బడిలో బల్లలు లేవు, పిల్లలే పీటో గోనెసంచో తెచ్చుకునేవారు. బొక్క ఉన్న పీట కూతురికిచ్చాడు, లేనిది రత్నాలుకిచ్చాడు, కూతురు పట్టుపట్టడంతో. నీలమ్మ ఆ బొక్కలోంచి వలతాడు దూర్చి, పీటను సంచీలా భుజానికి తగిలించుకుని ఇసకలో పరిగెత్తేది. వానాకాలంలో రెండు పీటలూ ఉప్పువాసన వేసేవి.

రత్నాలుకి బడి సగం రోజులే. ఇంట్లో తమ్ముణ్ణి ఎత్తుకోవాలి. అలాంటి రోజుల్లో నీలమ్మ రెండు పీటలూ మోసుకెళ్ళి పక్కపక్కన వేసేది. జగదీశ్వరరావు మాస్టారు హాజరు పిలుస్తూ రత్నాలు పేరు దగ్గర తలెత్తితే, తడుముకోకుండా చెప్పేది: "ఉందండి, నీళ్ళకెళ్ళింది." ఆయన పీట చూసి సరేననేవాడు. ఏడాది పొడుగునా రత్నాలు ఎన్ని నీళ్ళు తాగిందో పాపం ఆ మాస్టారు ఎన్నడూ అడగలేదు. నీలమ్మ అలా కాపాడబట్టే ఆమె అయిదో తరగతి దాకా రాగలిగింది. తొంభైతొమ్మిది తుఫానుకి నీలమ్మ పాక ఎగిరిపోయినప్పుడు కూడా ఆ పీట ఇసకలోంచి చెక్కుచెదరకుండా బయటపడింది.

మధ్యాహ్నం గంట కొట్టారు. అన్నం గిన్నె విప్పి రెండు ముద్దలు తిని మూత పెట్టేసింది రత్నాలమ్మ. ఎవరూ చూడకుండా చీర కాస్త పైకి జరిపి, కాలి ముందు ఎముక మీద బొటనవేలుతో గట్టిగా నొక్కింది. వేలు తీసి చూసింది. నీరు పట్టి ఉంటే గుంట పడుతుంది. పడిందా, పడలేదా? పడి పూడిందేమో. వెలుతురులోకి జరిగి మళ్ళీ నొక్కింది. ఈమధ్య రోజూ ఇదే పని. జబ్బు నీళ్ళ వల్లేనంటారు, ఊళ్ళో బావి నీళ్ళు తాగాలన్నా భయమే, మానాలన్నా దాహమే.

మేస్త్రీ కూర్మనాథం వరసల మధ్య నుంచి నడుచుకుంటూ వచ్చి ఆమె ముందు ఆగాడు. చెడ్డమనిషి కాడు. కానీ కాల్చిన సరుకు గుట్టపడి ఉంది, చేతులు చాలడం లేదు. గొంతు తగ్గించే చెప్పాడు.

"ఇంకెన్నాళ్ళు సూత్తాను, రత్నాలూ? రేపొద్దున్న ఆ జాగాలో భాను కూకుంతాది. పీట నువ్వే అట్టుకెల్లి ఆలింట్లో ఇచ్చీ."

వచ్చేస్తుంది బాబూ, ఇంకొక్క వారం ఆగండి అని బతిమాలుదామనుకుంది. పొద్దుటి నుంచి మనసులో కూడబలుక్కున్న మాటలే. నోరు తెరిస్తే వేరే మాట వచ్చింది.

"ఉందండి, నీళ్ళకెళ్ళింది."

అసిరమ్మ కూడా నవ్వలేదు. కూర్మనాథం పొయ్యిల వైపు వెళ్ళిపోయాడు.

పొద్దు వాలుతుండగా మళ్ళీ నేల అదిరింది. రైలు ఆగి, కదిలి వెళ్ళిపోయింది. గేటు వైపు చూస్తూ కూర్చుంది, ఎవరూ రాలేదు. రాలేదంటే అక్కడ వైద్యం జరుగుతున్నట్టే కదా అని గుండె కుదుటపరుచుకుంది. వరసగా రెండు పిక్కల్లోంచి పప్పు విరక్కుండా వచ్చింది. అప్పుడే గేటు బయట వ్యాను ఒకటి ఆగింది. ఇంజను ఆపలేదు. రామూర్తి దిగి, చెప్పులు విడిచి, షెడ్డు గుమ్మంలో నిలబడ్డాడు.

"ఒదినా, నీలమ్మ పీట అట్టుకెల్దామని ఆగినాం."

రత్నాలమ్మ లేచి నిలబడింది. "బండిలో ఉందా?"

"ఉంది."

"పడుకుందా?"

అతను తన కాళ్ళవైపు చూసుకున్నాడు. "తెల్లారగట్ల," అన్నాడు.

సుత్తులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. పక్కన ఖాళీగా ఉన్న పీట మీద నుంచి బూడిద డబ్బాను రత్నాలమ్మ కింద పెట్టింది. పీటను చంకలో పెట్టుకుని, చేతులు కడుక్కోకుండానే అతని వెంట నడిచింది.

వ్యానులో నీలమ్మ పక్కనే కూర్చుంది. దుప్పటి అంచున వేళ్ళు కొద్దిగా కనిపిస్తున్నాయి. ఆసుపత్రిలో ఎవరో శుభ్రంగా కడిగినట్టున్నారు, అయినా గోళ్ళ చుట్టూ జీడి నలుపు అలాగే ఉంది. బండి ఊరు దాటి కొబ్బరితోటల్లోకి దిగింది. ఒళ్ళో పెట్టుకున్న పీట అంచున రత్నాలమ్మ బొటనవేలు బొక్క కోసం వెతికింది. ఈ అంచున లేదు. పీట తిప్పి చూసింది. ఆ అంచునా లేదు. ఇన్నాళ్ళూ ఖాళీగా ఉన్న పీట నీలమ్మదే కాబట్టి, ఈవేళ ఖాళీగా ఉన్న తన పీటనే తీసుకొచ్చేసింది.

బండి ఆపమందామని రామూర్తి వైపు తిరిగింది. తిరిగి, ఊరుకుంది.

షెడ్డులో కిటికీ పక్కన నీలమ్మ పీట ఉంది, బోర్లించకుండా, తాడు బొక్క నిండా బూడిదతో.