లైను విరిచినవాడి పేరు

అరసవల్లిలో ఒక లాడ్జికి గదుల బుకింగ్ పేజీ కావలసొచ్చింది. దాన్ని రాసింది ఝాన్సీ. పొద్దున్నే చీపురుపల్లిలో రైలెక్కి, శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో దిగి, ఆటో పట్టుకుని, వెబ్‌సైట్లు చేసే ఆఫీసుకొచ్చి, నడుం పడిపోయేలా కూర్చుని రాసింది. ఇంకా ట్రైనీయే పాపం. నెలాఖరుకి ఆఫీసు యజమాని లక్ష్మీనరసింహం గారు కోడులో పేర్లని బట్టి ఎవరి పని ఎంతో చూసి, పర్మనెంటు చేసేదీ ఇంటికి పంపేదీ తేలుస్తారు.

తీరా చూస్తే ఆ పేజీ కోడులో ఎక్కడా ఝాన్సీ పేరు లేదు. ఎలా ఉంటుంది? పక్క సీట్లో సీనియర్ శ్రీనాథ్ ఉన్నాడు కదా! పొడుగు లైను కంటబడితే ఆయనగారికి అన్నం సయించదు. ఏ లైనూ స్క్రీను అంచు దాటకూడదట. ఒక బటన్ నొక్కుతాడు, ఒక్క లైనూ ఆరేడు ముక్కలై మెట్లుమెట్లుగా కిందికి దిగుతుంది. చూడ్డానికి బాగానే ఉంటుంది, కాదనను. కాని ఆఫీసు రికార్డులో, ఏ లైనుని ఆఖర్న ఎవరు ముట్టుకుంటే దాని పక్కన వాళ్ల పేరే పడుతుంది. సొమ్మొకడిది, సోకొకడిది. వెనక్కి తవ్వితే అసలు పేరు దొరుకుతుంది గాని, తవ్వే ఓపిక ఎవరికుంది?

విరవడమేదో నేనే చేసుకుంటాను, వదిలెయ్యన్నా అని ఝాన్సీ ఒకసారి అడిగింది.

"పేరుదేటున్నాదమ్మా, పేజీ సక్కగా ఉన్నాదా లేదా సూడు" అన్నాడు శ్రీనాథ్, నవ్వుతూ.

సరే అని ఆ పూటంతా కూర్చుని తన లైన్లన్నీ తనే విరిచింది. శ్రీనాథ్ బటన్‌కి ఆ విరుపు నచ్చలేదు. అతను ఫైలు తెరిచి నొక్కగానే అది అన్నిటినీ ఇంకోలా విరిచేసింది, మళ్లీ అతని పేరే పడింది. ఒళ్లు మండిపోయింది పిల్లకి. అది చాలదన్నట్టు, యజమాని వచ్చి "నీ పేజీ బాగుందయ్యా శ్రీనాథూ" అంటే, ఆ మహానుభావుడు కాదనకుండా తలూపాడు. ఝాన్సీ నోరు తెరిచింది గాని, ఆయన అప్పటికే ఫోను ఎత్తేశారు. ఇంటికెళ్లే దారి పొడుగునా రైలు కిటికీలోంచి చూస్తూ పళ్లు నూరుకుంది.

ఇంతలో ఆదివారం వచ్చింది. గుడికొచ్చిన జనంతో లాడ్జి కిటకిటలాడుతుంటే, ఆ పేజీ ఒకే గదిని రెండు కుటుంబాలకి ఇచ్చేసింది. సామాన్లు గుమ్మంలో పెట్టుకుని నాదంటే నాదని కొట్టుకున్నంత పని చేశారు. మర్నాడు లాడ్జి ఓనరు ఎర్రన్న ఆఫీసుకే వచ్చి, లక్ష్మీనరసింహం గారికి మొహం వాచేలా చీవాట్లు పెట్టి పోయాడు.

ఆయన ఇద్దరినీ పిలిచి కోడు తెరిచారు. గది శుభ్రం చేశారా, అంతకుముందే ఎవరైనా తీసుకున్నారా, రెండూ చూసి గాని ఖాళీ అని చెప్పకూడని లైను, శుభ్రం ఒక్కటే చూసి చెప్పేస్తోంది. చూడగానే ఝాన్సీ గుర్తుపట్టింది. ఆ పొరపాటు తనదే. దాని పక్కన పేరు మాత్రం శ్రీనాథ్‌ది.

"ఏటిది శ్రీనాథూ?" అన్నారాయన.

"నేను లైను విరిచానంతే సార్. రాసింది ఝాన్సీ."

ఇన్నాళ్లూ ఆ మాట ఏ గంగలో దాచాడో! ఝాన్సీకి నవ్వాలో ఏడవాలో తెలీలేదు. అయినా ఆగలేదు.

"నిజమే సార్. ఆ లైను నాది, తప్పూ నాదే. దాని పైనున్నవీ కిందనున్నవీ, పేజీ అంతా నేనే రాసాను. పాత రికార్డు తీసి సూపిస్తాను, సూడండి."

లక్ష్మీనరసింహం గారు చెయ్యి అడ్డం పెట్టారు. అదంతా తరవాత సూద్దామన్నారు, ముందు నీ తప్పు దిద్దమన్నారు. శ్రీనాథ్‌ని వెళ్లి పని చూసుకోమన్నారు.

పేజీ ఝాన్సీదని చూపే రికార్డు ఆయన తెరవనే లేదు. తప్పు ఝాన్సీదని నమ్మడానికి ఆయనకి ఏ సాక్ష్యమూ అక్కర్లేకపోయింది.